చుక్క, వాలు గీత, బిడ్డ బొమ్మ

"మిషను ఇచ్చేయండమ్మా. చదువుకున్న అమ్మాయిని పెట్టుకుంటాం," అన్నారు సూపర్‌వైజరు గారు.

"ఇవ్వనండి," అన్నాను.

మిషను ఒళ్ళో పెట్టుకుని, మీద కొంగు కప్పుకుని కూర్చున్నాను. అది అమలాపురంలో మా సేవా సంస్థ మీటింగు. పాతికమంది ఆడవాళ్ళం ఉన్నాం.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. పి.గన్నవరం దగ్గర మా లంకలో ఇల్లిల్లూ తిరిగి పసిబిడ్డల్ని తూచడం నా పని. దూలానికి కొక్కెం తగిలించి, గుడ్డ ఉయ్యాలలో బిడ్డనేసి, ముల్లు చూసి చెప్పేదాన్ని. ఏ బిడ్డ ఏ నెలలో ఎంత తూగిందో, ఏ తల్లికి పాలు చాలలేదో పుస్తకం విప్పకుండా ఇప్పటికీ చెప్పగలను. చదువంటారా, మూడో తరగతి. ఆ ఏడు వరదకి బడి పాక కొట్టుకుపోయింది. మళ్ళీ వేసేసరికి నా చంకలోకి చెల్లెలొచ్చింది.

మా పని కోసమే ఆ అరచేతి మిషన్లిచ్చారు. లోపల లైనక్సు అనేదేదో ఉంటుందట. బిడ్డ బొమ్మ మీద నొక్కి, తూకం అంకెలు కొడితే చాలు. బరువు తగ్గిన బిడ్డ బొమ్మ ఎర్రబడుతుంది, ఆ ఇంటికి డాక్టరమ్మని పంపుతారు. అంకెలు మాకు కష్టం కాదు. చిక్కల్లా ఆ బొమ్మ రావడం దగ్గరే. మిషను వెలిగిస్తే నల్ల తెర మీద తెల్ల ఇంగ్లీషక్షరాలు చీమలబారులా పాకి, ఒకచోట ఆగిపోయేవి. అప్పుడు కిందనున్న బఠాణీ గింజలంత మీటలతో ఇంగ్లీషక్షరాల వరసొకటి కొడితేగాని బొమ్మల ప్రోగ్రాం తెరుచుకోదు. బ్యాటరీ అయిపోయిన ప్రతిసారీ ఇదే తంతు.

మావాళ్ళలో సగంమంది ఆ వరస దగ్గరే ఆగిపోయారు. మిషన్లు బీరువాలో చీరల మధ్యకి చేరాయి. అందుకే ఆ రోజు మమ్మల్ని మానిపించే మాట తెచ్చారాయన.

"మీకు మిషనివ్వడం గేదెకి పేపరు చదివి వినిపించినట్టుందమ్మా!"

నాకు ఒళ్ళు మండింది. "గేదె పాలైనా ఇస్తాదండి. ఆ వరసేదో మీరు కొట్టండి బాబూ, చూస్తాం," అన్నాను. మిషను వదలకుండానే ఆయన ముందుకి చాపాను.

ఆయన చెయ్యి చొక్కా జేబులోకి వెళ్ళింది. మడతపెట్టిన చీటీ బయటికొచ్చింది.

వెనక వరసలోంచి ఎవరో అందుకున్నారు: "ఆయ్, చీటీ చూసి రాసినోళ్ళు పాసండి! చూడకుండా రాసేవోళ్ళు ఫెయిలండి!"

గదంతా గొల్లుమంది. ఆయన చీటీ విప్పేలోపల నేను మీటలు నొక్కడం మొదలుపెట్టాను. ముందు చుక్క. తర్వాత వాలు గీత. తర్వాత అక్షరాలు, నాకు తెలిసింది వాటి రూపే: రెండు బొజ్జలది, పాక ముఖంలాంటిది, మళ్ళీ బొజ్జలది, చివర పంగలకర్ర. బిడ్డ బొమ్మ వచ్చింది.

"వచ్చు కదా మరి! మీరుండండి. ఇంకేంటి మీ బాధ?" అన్నారాయన.

అక్కడ నోరు మూసుకుంటే నా పని నాకు మిగిలేదే. పక్కనున్నావిడ ముఖం చూశాను. ఆవిడ ఒక్క చూపుతో బిడ్డ నీరసం పట్టేస్తుంది. చుక్కా గీతా మాత్రం పట్టుబడలేదు.

"నాకొచ్చండి, ఈవిడకి రాదు. ఈవిడకి తెలిసిన బిడ్డలు ఆ కొత్తమ్మాయికి తెలుసాండి? మిషను వెలిగిస్తే బొమ్మే రావాలి. అప్పటిదాకా ఏ ఒక్కరమూ ఇవ్వం."

మిషను తయారుచేసిన ఇంజనీరమ్మ అంతసేపూ మూల కుర్చీలో కూర్చుని వింటోంది. లేచి నా దగ్గరికొచ్చింది. "ఆ వరస మిషను లేవగానే దానంతటదే కొట్టుకునేలా పెట్టొచ్చు పిన్నిగారూ. మేం ముందే పెట్టాల్సింది," అంది. తన కంప్యూటరుకి వైరుతో తగిలించి ఏదో రాసింది. ఆర్పి వెలిగించాం. చీమలు పాకాయి, ఆగాయి. బొమ్మ రాలేదు.

"చూసేరా?" అన్నారు సూపర్‌వైజరు గారు.

ఇంజనీరమ్మ తెర మీది అక్షరాలు చదువుకుంది. "బొమ్మలు చూపించే తెర లోపల వేరేగా లేవాలండి. అది లేవకముందే మన ప్రోగ్రాం వచ్చి, చోటు లేక పడిపోతోంది."

"అంతేనా అమ్మా! పురిటింటికెళ్తే మేం తోసుకుని లోపలికెళ్ళిపోతామా? గుమ్మంలో ఆగి, కాళ్ళు కడుక్కుని, రమ్మన్నాకే వెళ్తాం. దాన్నీ ఆగమను."

"ఎంతసేపని ఆగమనను?"

"లోపల్నుంచి పిలుపొచ్చేదాకా."

ఆ పిల్ల నవ్వి మళ్ళీ కూర్చుంది. తెర లేచిందో లేదో చూసుకుని, లేచాకే ప్రోగ్రాం తెరుచుకునేలా రాసింది. ఈసారి వెలిగించే పని నేను చెయ్యలేదు, పక్కావిడ చేతికిచ్చాను. చీమలు పాకాయి. తెర నల్లబడింది. ఏ వేలూ ఏ మీటా ముట్టకుండా బిడ్డ బొమ్మ వచ్చి కూర్చుంది.

సాయంత్రంలోగా పాతిక మిషన్లకీ అలాగే రాసింది. పాతికమందిమీ మిషన్లతోనే బస్సెక్కాం.

తర్వాత ఏ పురిటింటికి వెళ్ళినా గుమ్మంలోనే మిషను వెలిగించేదాన్ని. వాళ్ళు చెంబుతో నీళ్ళిచ్చి, నేను కాళ్ళు కడుక్కునేసరికి అదీ తయారుగా ఉండేది.

కొన్నాళ్ళకి సూపర్‌వైజరు గారు మా లంకకి వచ్చారు. "ఆ వరస ఇంకా గుర్తుందా అమ్మా?" అని అడిగారు.

"ఆయ్, ఉందండి. చుక్కతో సహా."

"ఏదీ, ఓసారి కొట్టండి చూద్దాం."

"కొట్టనండి," అన్నాను.