మా చెల్లి ఇంటి మీద గొడుగు

మా చెల్లి ఇంటి మీద గొడుగు పెట్టిన రోజు నాకు ముద్ద దిగలేదు. ఇంటర్నెట్ డిష్షుని మేమంతా గొడుగే అనేవాళ్లం. పెద్ద కొండ మీది టవర్ నుంచి తీగలేవీ లేకుండా గాల్లోనే నెట్ వచ్చేస్తుందట. అనంతగిరి దాటాక మా ఊరూ, దాని అత్తారి ఊరూ మధ్యలో పారే గెడ్డకి అటొకటి ఇటొకటి. ఫోనుకే దిక్కులేని రోజుల్లో టెన్తు పాసైందని దానింటికి ఏకంగా నెట్టు! ఏం, నేను మాత్రం టెన్తు పాసవలేదా?

పట్నం నుంచొచ్చిన ఇంజనీరు మా ఇల్లూ చూశాడు. "టవర్ కనబడాలమ్మా. ఆ సిల్వరోక్ చెట్లు అడ్డమొస్తన్నాయి" అని వెళ్లిపోయాడు. పెరటి వెనక మా కాఫీ తోటకి నీడ ఆ చెట్లే. మిరియాల తీగలు కూడా వాటి మీదే పాకేవి.

అమ్మ ఉండేది నా దగ్గర. అంబలి కాచేది నేను, మోకాళ్లకి నూనె రాసేది నేను. సంత రోజొస్తే చాలు, గెడ్డ దాటి చెల్లి ఇంటికి పోయేది. మిలిటరీలో ఉన్న మా తమ్ముడు ఆ రోజే తన క్యాంపు దగ్గరి నెట్ సెంటర్‌కి వెళ్లి, చెల్లి ఇంట్లో తెర మీద కనబడేవాడు. తిరిగొచ్చాక అమ్మది ఒకటే పొగడ్త: "నా సిన్నది బంగారం. కొడుకు మొకం సూపించింది." నాకు ఒళ్లు మండిపోయేది. ఒకసారి నేనూ వెళ్లి కంప్యూటర్ మీద చెయ్యి వేయబోయాను. "అప్పా, సేతులు కడుక్కుని ముట్టుకో" అంది మహాతల్లి, కుర్చీలోంచి లేవకుండానే.

ఆ ఎండాకాలం చెట్లు కొట్టేద్దామన్నాను మా ఆయనతో.

"నీకేటి, పిచ్చా? నీడ పోతే కాఫీ మాడిపోదేటి?"

"మాడనీ! నా తమ్ముడు నా ఇంట్లో కనబడాలి."

ఆయనతో మాటలు మానేశాను. పడలేక చివరికి గొడ్డలి పట్టాడు. చెట్లు ఒక్కొక్కటే కూలుతున్నా ఆపమనలేదు.

వానలకి ముందే మాకూ గొడుగొచ్చింది. అమ్మని ఎదురుగా కూర్చోబెట్టి, కొత్త చీర కట్టుకుని పక్కన నేను కూర్చున్నాను. తమ్ముడొచ్చాడు, మీసాలతో. అమ్మని పలకరించాడు, నన్ను చూసి నవ్వాడు. నా కడుపు నిండిపోయింది. అంతలోనే నా వెనక ఎవరికోసమో వెతికాడు.

"పెద్దప్పా, సిన్నప్ప రాలేదేటి?"

"బేగి పిలవే దాన్ని" అంది అమ్మ.

పెరట్లోకెళ్లి కేకేశాను. అడ్డం చెట్లు లేవు కదా, వాకిట్లో నిలబడి ఇటే చూస్తున్న చెల్లి కనబడుతూనే ఉంది. అది గెడ్డ దిగి ఎక్కి వచ్చేదాకా వాడు నాతో ఇంకో మాట మాట్లాడలేదు. "వచ్చిందా? వచ్చిందా?" అంటూనే ఉన్నాడు. వచ్చింది, ఒగరుస్తూ నా కుర్చీలోనే కూలబడింది. వాళ్లిద్దరూ పకపకా నవ్వుకుంటుంటే నేను లోపల అందరికీ టీ పెట్టాను.

ఆ ఏడు మా కాఫీ మొక్కలు మాడిపోయాయి. ఇప్పటికీ పొద్దున్నే పెరటి తలుపు తీస్తే ఎదురుగా దాని ఇల్లే.