రజియా ఆపా, మా కరెంటు సంఘం

పొద్దున్నే సోలార్ పలకలు కడుగుతున్నప్పుడు వచ్చే వాసన నాకు ఇష్టం. తాండూరు చుట్టుపక్కల గాలిలో ఎప్పుడూ నాపరాతి పొడి తేలుతూనే ఉంటుంది. అది పలకల మీద సన్నగా పేరుకుని, నీళ్లు తగలగానే చిన్నప్పుడు బడిలో తడిగుడ్డతో తుడిచిన పలక వాసన వేస్తుంది. ఆ వాసన రాగానే నాకు రజియా ఆపా గుర్తొస్తారు. కడిగిన వరుసల మధ్య చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తూ, ఎక్కడో ఒకచోట ఆగి, పలక మీద వేలితో గీత గీసి ఆ వేలిని నాకు చూపించేవారు. నేను మళ్లీ పైపు అందుకునేదాన్ని. ఆమె పోయి ఏడాది దాటింది. ఇప్పుడు ఆ గీత నేనే గీస్తున్నాను.

ఆమెను చూడనివాళ్లకు ముందు మా సంఘం గురించి చెప్పాలి. కాగితాల మీద అది కంపెనీ, ఊళ్లలో మాత్రం అందరూ కరెంటు సంఘం అనే అంటారు. బషీరాబాద్ వైపు ఉన్న మా ఊళ్లు కరెంటు లైనుకు చిట్టచివరన ఉంటాయి. మా దాకా వచ్చేసరికి కరెంటు నీరసపడిపోయేది. బల్బు ఎర్రగా మినుకుమనేది, బోరు మోటార్లు కాలిపోయేవి. రాయి తీసేసి వదిలేసిన గనుల భూమిని చదును చేసి, రైతులూ కూలీలూ నాపరాళ్లకు పాలిష్ పట్టే షెడ్ల వాళ్లూ తలా ఇంత వేసుకుని, బ్యాంకు అప్పుతో సోలార్ పలకలు పెట్టుకున్నారు. అక్కడ పుట్టిన కరెంటును ప్రభుత్వ శాఖకు అమ్ముతాం. అది దూరమేమీ పోదు. మా సబ్‌స్టేషన్ నుంచే మా పొలాలకూ, బండల షెడ్లకూ, నీళ్ల ట్యాంకులకూ వెళ్తుంది. ఖర్చులు పోగా మిగిలినదాన్ని ఏం చేయాలో ఏటా సభ్యులే కూర్చుని తేల్చుకుంటారు. ఒక ఏడు ఆసుపత్రిలో టీకాల ఫ్రిజ్‌కు బ్యాటరీలు కొన్నాం, ఇంకో ఏడు బడికి నీళ్ల మోటారు పెట్టించాం. ఎన్ని వాటాలున్నా మనిషికి ఒకటే ఓటు. ఈ నియమం పెట్టించింది రజియా ఆపానే. ఆమె కరెంటు శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. తాండూరులో పుట్టి పెరిగారు, ఊళ్లన్నీ ఆమెను ఆపా, అంటే అక్క అనే పిలిచేవి. రిటైరయ్యాక హజ్ యాత్రకు పోతారని అందరూ అనుకుంటే, ఆమె షేర్ ఆటోలెక్కి మా ఊళ్లు తిరగడం మొదలుపెట్టారు.

ఆమెను నేను మొదట చూసింది మా ఊరి బడి ఆవరణలో. సంఘం పెట్టాలా వద్దా అని మాట్లాడుకోవడానికి పిలిచిన సమావేశం అది. అందరూ సరేనంటున్నారు. ఆ సందడిలో మా నాయన మల్లప్ప గొంగడి సర్దుకుంటూ లేచాడు. మాది గొర్లు కాసే ఇల్లు. ఆ గనుల భూమిలో వానలు పడ్డాక మొలిచే గడ్డే మా మందకు ఆధారం. "అద్దాలు పెట్టి కంచె కొడితే మా గొర్లు యాడికి పోవాలె?" అని అడిగాడు. జనం నవ్వారు. ఎవరో కూర్చోమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పటికి నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తిచేసి, వికారాబాద్‌లో ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో కూర్చోవడానికి రోజూ రైల్లో పోయివస్తున్నాను. ఊరికి కరెంటు వస్తుంటే అడ్డుపడుతున్నది నా కన్నతండ్రేనని సిగ్గుపడ్డాను. రజియా ఆపా మాత్రం నవ్వలేదు. జనం సద్దుమణిగేదాకా ఆగి, తన పక్కనున్న కుర్చీ చూపించి, "మల్లప్పన్నా, మీరు ఇటు రాండ్రి. మీరు మాట్లాడినంక మిగతోళ్లు మాట్లాడ్తరు," అన్నారు. మా నాయన కుర్చీలో కూర్చోలేదు కానీ దాని పక్కన నిలబడి చెప్పాల్సిందంతా చెప్పాడు.

మర్నాడు ఆమె మా మంద వెంట నడిచారు. చీర కొంగు నడుముకు చుట్టి, ఎండకు తల మీద తువ్వాలు కప్పుకుని, పొద్దు వాలేదాకా గొర్రెలు ఎక్కడ మేస్తాయో, ఎక్కడ నీళ్లు తాగుతాయో, నీడకు ఎక్కడ నిలబడతాయో చూశారు. సాయంత్రం మా ఇంటి అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతూ, పలకలను కొంచెం ఎత్తులో బిగిస్తే గొర్రెలు వాటి కిందే మేయవచ్చని, వైర్లను గొట్టాల్లో పోనిస్తే నోరు తగలదని చెప్పారు. గడ్డి పెరిగి పలకలకు నీడ పడకుండా గొర్రెలే చూసుకుంటాయట. మా మందలో కొన్ని మేకలు కూడా ఉండేవి. వాటి సంగతి ఆమెకు తోచలేదు, అడగనూ లేదు. మా నాయనే, "మేకలను రానియ్యకు మేడం. అవి నీ అద్దాలెక్కి దుంకుతయి," అన్నాడు. అప్పుడు ఇద్దరూ నవ్వారు. నేను అప్పటిదాకా చదువుకున్న దేనిలోనూ గొర్రెల ప్రస్తావన లేదు. అయినా కరెంటంటే ఇదీ అని నాకు మొదటిసారి అనిపించింది ఆ సాయంత్రమే. ప్లాంటు కట్టడం మొదలుపెట్టగానే దుకాణం మానేసి ఆమె దగ్గర చేరాను.

పని చేయించడంలో ఆమె గట్టి మనిషి. నట్టు వదులుగా ఉంటే చాయ్ ఆపి మరీ బిగించమనేవారు. సభ్యులు ఎవరు వచ్చినా లేచి నిలబడాలనేవారు. ప్లాంటు నడిచిన మొదటి ఏడాదిలో బషీరాబాద్‌లో కాలిన మోటార్లకు మళ్లీ తీగ చుట్టే వైండింగ్ దుకాణం నడిపే యాదగిరి కోపంగా ఆఫీసుకు వచ్చాడు. మా కరెంటు వచ్చినప్పటి నుంచి లైనులో ఓల్టేజీ నిలకడగా ఉంటోందని, మోటార్లు కాలడం లేదని, తన దుకాణానికి పని లేకుండా పోయిందని అతని బాధ. ఊళ్లన్నీ సంతోషంగా ఉంటే నీకేంటని అతని ముఖం మీదే అన్నాను. ఆపా లోపలి నుంచి వచ్చి అతనికి కుర్చీ వేయించారు. ఎన్నాళ్ల నుంచి ఈ పని చేస్తున్నాడో, ఏమేం చుట్టగలడో అడిగి తెలుసుకున్నారు. అతను వెళ్లాక నాతో మెల్లగా అన్నారు. "మంచి పని అయినప్పుడు గూడ ఎవరికో ఒకరికి దెబ్బ తగుల్తది, భాగ్యా. గా దెబ్బ ఎవరికి తగిలిందో చూసుకునుడు గూడ మన డ్యూటీనే." తర్వాత యాదగిరిని పాత ట్రాన్స్‌ఫార్మర్ల మరమ్మతు నేర్చుకోవడానికి పంపించారు. అంతకుముందు పాడైనవి హైదరాబాద్ పోయి వచ్చేవి. ఇప్పుడు అతని దుకాణం ముందు చుట్టుపక్కల మండలాల ట్రాన్స్‌ఫార్మర్లు వరుసలో నిలబడి ఉంటాయి. కనబడితే ఇప్పటికీ నాకు చాయ్ తాగించకుండా పంపడు.

ఆపాకు ఒక కల ఉండేది. కోట్‌పల్లి జలాశయం వైపు రెండో ప్లాంటు. అక్కడి రైతులతో మాట్లాడి, భూమి చూసి, పటాలు గీసుకున్నారు. ఆ పటాలు నాచేత కూడా గీయించారు. మిగిలిన ఆదాయమంతా కొన్నేళ్లు దానికే పెడదామని వార్షిక సమావేశంలో ప్రతిపాదించాలనుకున్నారు. అధ్యక్షురాలు ఆమే, ఆమె అడిగితే కాదనేవాళ్లు ఎవరూ లేరు. నాకూ అంతే ఉత్సాహంగా ఉండేది.

సమావేశానికి కొద్దిరోజుల ముందు పాలిష్ షెడ్లలో పనిచేసే శరణమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆమెది సరిహద్దు అవతలి కర్ణాటక ఊరు. పెళ్లయి ఇటు వచ్చింది. సంఘంలో ఒక వాటా కొనుక్కుంది. నన్ను షెడ్డుకు రమ్మని తీసుకెళ్లింది. లోపల రాతి అంచులు కోసే యంత్రాల దగ్గర పొడి మంచులా కమ్ముకుని ఉంది. ఆడవాళ్ల కనురెప్పలు తెల్లగా ఉన్నాయి. ఒకామె దగ్గుతూ గోడకు ఆనుకుని నిలబడింది. పొడిని లాగేసే ఫ్యాన్లూ, కోతమీద నీళ్లు చల్లే గొట్టాలూ పెట్టించగలదా సంఘం అని అడిగింది శరణమ్మ. ఇన్నేళ్ల నుంచి ఉన్న బాధే కదా, ఇప్పుడే ఎందుకడుగుతున్నావన్నాను. "మొదలు కరెంటు పోతుండె అక్కా. పోయినప్పుడన్న బయటికొచ్చి గాలి పీలుస్తుంటిమి. ఇప్పుడు మీ కరెంటు పోతలేదు. మిషిన్లు ఆగుతలేవు," అంది.

మేం తెచ్చిన కరెంటే ఆ ఆడవాళ్ల ఊపిరితిత్తుల్లోకి మరింత పొడిని తోస్తోంది. ఇది చెప్పాల్సింది ఆపాకు. చెబితే కోట్‌పల్లి ఆగిపోతుంది. రెంటికీ సరిపడే ఆదాయం లేదు. మర్నాడు తాండూరులో వాళ్లింటికి వెళ్లాను. ఆమె కందులు ఏరుతూ కూర్చున్నారు. నేను చెబుతున్నంతసేపూ చేట పక్కన పెట్టి విన్నారు. "నాకు చెప్పుడు కాదు, మీటింగ్‌ల చెప్పు. శరణమ్మను గూడ చెప్పమను," అన్నారు. మీరు బాధపడతారేమో ఆపా అన్నాను. ఆమె నా వైపు సూటిగా చూసి, "పడ్త. అయితే ఏంది?" అన్నారు. నా చేతికి మజ్జిగ గ్లాసు ఇచ్చి మళ్లీ చేట అందుకున్నారు.

సమావేశంలో ఆమె తన ప్రతిపాదనను వెనక్కి తీసుకోలేదు. కోట్‌పల్లి గురించి ఎంతో బాగా చెప్పారు. వింటుంటే నాకే చెయ్యెత్తాలనిపించింది. తర్వాత శరణమ్మను ముందుకు పిలిచారు. శరణమ్మకు సభలో మాట్లాడటం అలవాటు లేదు. కొంత తెలుగూ కొంత కన్నడమూ కలిపి, షెడ్డులో సంగతి చెప్పి, మధ్యలో దగ్గు వచ్చి ఆగిపోయింది. మిగిలింది నేను చెప్పాను. ఆపా మాటకు ఎదురు మాట్లాడటం నాకు అదే మొదలు. ఓట్లకు చేతులెత్తమన్నప్పుడు ఆపా తన ప్రతిపాదనకే చెయ్యెత్తారు. నన్ను చూసి జాలిపడి మనసు మార్చుకోలేదు. మా నాయన కూడా ఆమె వైపే ఎత్తాడు. ఇంటికొచ్చాక అడిగితే, "ఆమె మాటకు నేనెట్ల కాదంటనే బిడ్డా," అన్నాడు. అయినా షెడ్ల వైపే ఎక్కువ చేతులు లేచాయి. ఆపా ఓడిపోయారు. ఆ ఫలితాన్ని మైకులో ఆమే, గొంతు ఏమాత్రం తగ్గకుండా చదివారు.

తిరిగి వెళ్లేటప్పుడు ఆటోలో ఆమె పక్కన కూర్చున్నాను. దారి పొడవునా కంది చేలు పసుపు పూలతో ఉన్నాయి. చాలా దూరం పోయాక ఆమే మాట్లాడారు. "కోట్‌పల్లి ప్లాంటు నా కండ్లతోని చూస్త అనుకున్న. జర పరేషాన్ అనిపించింది," అన్నారు. అంతలోనే, "కాని ఇన్నొద్దులు అందరు నా మొకం జూసి చేతులెత్తిన్రు. ఇయ్యాల వాళ్ల సంఘం అనుకోని ఎత్తిన్రు. గీ రోజు కోసమే నేను తిరిగింది, బేటీ," అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. ముఖంలో మాత్రం ఆ పసుపు చేలంత వెలుగుంది.

ఆ తర్వాత వచ్చిన వేసవంతా ఆమె షెడ్లలోనే గడిపారు. ఏ ఫ్యాన్ ఎక్కడ బిగించాలో యాదగిరితో వాదించారు. నీళ్లు చల్లితే రాయి జారుతుందని విసుక్కున్న షెడ్డు యజమానులను కూర్చోబెట్టి ఒప్పించారు. తన ప్రతిపాదన నెగ్గి ఉంటే కోట్‌పల్లిలో ఎంత పట్టుదలగా పనిచేసేవారో అంతే పట్టుదలగా ఇక్కడ చేశారు. ఫ్యాన్లు తిరిగిన మొదటి రోజు శరణమ్మ ఆమెను యంత్రం పక్కన నిలబెట్టి, ఆమె నల్లటి చీర మీద పొడి పడలేదని అందరికీ చూపించింది.

తర్వాత కొంతకాలానికి ఆమె పదవి వదిలేసి వికారాబాద్‌లో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయారు. రెండో ప్లాంటు కూడా వచ్చింది. ఈసారి దాన్ని అడిగింది కోట్‌పల్లి రైతులే. ఆ సమావేశానికి ఆపా రైల్లో వచ్చి, వెనక జంపఖానా మీద ఆడవాళ్ల మధ్య కూర్చుని, చెయ్యెత్తమన్నప్పుడు అందరితోపాటు ఎత్తారు. ప్లాంటును కళ్లారా చూసుకున్నారు కూడా. చివరి రోజుల్లో నేను వెళ్లినప్పుడల్లా సంఘం లాభాల గురించి అడిగేవారు కాదు. ఎవరెవరు కోపంగా ఉన్నారని అడిగేవారు. ఎవరూ లేరంటే నమ్మేవారు కాదు.

ఇప్పుడు ఆమె పని నేను చూస్తున్నాను. ఏ ఊరికి ఏ పని మీద వెళ్లినా, దీనివల్ల ఇబ్బంది ఎవరికని ముందుగా అడుగుతాను. మొదట ఎవరూ మాట్లాడరు. ఆ నిశ్శబ్దంలో నాకూ తొందరగానే ఉంటుంది, అయినా ఆగుతాను. ఈమధ్య ధారూర్ దగ్గర మేం కడుతున్న పప్పుమిల్లుకు లైను వేసేటప్పుడు అలాగే ఆగితే, వెనక నుంచి ఒక ముసలమ్మ మా స్తంభం తాను కందులు ఎండబోసుకునే చోటే పడుతోందని చెప్పింది. వెళ్లి ఆ జాగా చూశాను. నేల ఎంత శుభ్రంగా అలికి ఉందో. స్తంభాన్ని పక్కకు జరిపించాం. ఇప్పుడు ఆ దారిన రైల్లో పోతూ కిటికీలోంచి చూస్తే, తిన్నగా పోతున్న లైను ఒకచోట వంగి, ఆ ముసలమ్మ జాగాను తప్పుకుని, మళ్లీ తన దారిన పోతుంది. అక్కడికి రాగానే నేను ఎవరితో మాట్లాడుతున్నా ఆపేసి, ఆ వంపు దాటేదాకా చూస్తాను.