బెదురు బర్రె, నిమ్మళం బావ

మా బాపు ఫోనెత్తి హలో అనగా నేను వినలేదు. "ఏమైంది?" అంటాడు. అవతల అరలీటరు పాలు కావాలని అడగబోయినవాళ్ళు కూడా ఒక్క క్షణం ఆగి, తమకేమైనా అయిందా అని ఆలోచించుకుంటారు. బాపు తల్లి, అంటే మా నానమ్మ, మేం బడి నుంచి కాస్త ఆలస్యంగా వస్తే గల్లీ మొదట్లో నిలబడి ఏడుస్తూ ఉండేది. నేనూ తక్కువదాన్నేం కాదు. ఆఫీసులో పెద్దసారు "ఒకసారి రండి" అంటే, ఆయన గది తలుపు చేరేలోపే నా ఉద్యోగం పోయి, ఇంకొకటి దొరకక, అద్దె ఇల్లు ఖాళీ చేయడం కూడా అయిపోతుంది.

ఇలాంటి ఇంట్లో ఒక బెదురు బర్రె పుట్టింది.

జల్‌పల్లిలో మా ఇంటి వెనకే బర్రెల కొట్టం. అక్కడి పాలు బాపు సంతోష్‌నగర్ దాకా పోసి వస్తాడు. ఈ బర్రె తల్లి చూడితో ఉన్నప్పుడు మా గోడ అవతల ఒక ఫంక్షన్ హాలు తెరిచారు. పెళ్ళిళ్ళ కాలం. డప్పులు, పటాకులు, పెళ్ళికొడుకు దోస్తుల కేకలు. తల్లి బర్రె పలుపు తెంపుకోవాలని రోజూ గుంజుకునేది. అది ఈనేలోపే హాలు పార్ట్‌నర్లు కొట్లాడుకుని మూసేశారు. కాబట్టి పుట్టిన దుడ్డె డప్పు మోత ఏనాడూ విననే లేదు.

అయినా దానికి అన్నిటికీ భయమే. చెంబు కింద పెడితే ఎగిరేది. కాకి వాలితే ఎగిరేది. తీగ మీద అమ్మ చీర గాలికి కదిలితే మేత మానేసేది. అమ్మ దిష్టి తీసింది. బాపు తాయెత్తు తెచ్చి మెడకు కట్టాడు. ఆ తాయెత్తు మెడకు తగిలినప్పుడల్లా అది కొత్తగా బెదిరేది.

పెరిగి పెద్దదై ఈనింది. అప్పుడు మొదలైంది అసలు లొల్లి. పొదుగు నిండుగా ఉండేది, పాలు మాత్రం చేపేది కాదు. గిన్నెలో చుక్క దిగదు. బాపు పశువుల డాక్టరమ్మను పిలిచాడు.

ఆమె పొదుగంతా తడిమి చూసింది. "రోగం ఏం లేదు బాపూ. భయపడ్డప్పుడు ఒంట్ల ఒక రసాయనం పుడ్తది. అది పాలు దిగనియ్యదు."

"ఎందుకు భయం? నేనేమన్న కొట్టిన్నా?"

"ఇది కడుపుల ఉన్నప్పుడు తల్లి మస్తు బెదిరిందంటున్నరు గదా. ఆ బెదురు రక్తంల బిడ్డ దాకా పోతది. మెదడుల అపాయం పసిగట్టే జాగ ఒకటుంటది, అది మరీ చురుగ్గ తయారైతది. భయం జల్దిన పుడ్తది, జల్దిన పోదు. తల్లి గుణమే వచ్చిందో ఏమో గూడ. దేనివల్ల ఎంతని నేనైతే చెప్పలేను."

బాపు కొట్టం గుంజ పట్టుకున్నాడు. "అంటే జిందగీ మొత్తం గిట్లనేనా?"

"గట్లేం లేదు. మంచిగ సాకితే తగ్గుతది. రోజూ ఒకే మనిషి, ఒకే టైముకు, నిమ్మళంగ పిండాలె. మీ ఇంట్ల నిమ్మళంగ ఉండేది ఎవరు?"

మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

ముందు బాపు వెళ్ళాడు. "ఏం కాదు బిడ్డా, ఏం కాదు" అని ఆయన వణికే గొంతుతో అంటుంటే, ఏదో కాబోతోందని బర్రెకు అర్థమైపోయింది. బకెట్‌ను తన్నింది. అమ్మ పైకే దేవుణ్ణి తలుచుకుంటూ పోయి అంతే వేగంగా తిరిగొచ్చింది. నేను దాని పక్కన కూర్చుని, అది తంతే విరిగే ఎముక గురించి ఆలోచించాను. అది నన్ను చూసింది. నేను దాన్ని చూశాను. ఇద్దరం చెరో పక్కకు జరిగాం.

చివరికి, చూసి పోదామని వచ్చిన మా అక్క, "మా ఆయనను పంపుదాం" అంది.

బావకు ఫలక్‌నుమాలో ఆటోల రిపేరు షెడ్డు ఉంది. ఒకసారి వంటింట్లో గ్యాస్ లీకవుతోందని అక్క అరిస్తే, చెప్పులెక్కడున్నాయని అడిగి, వేసుకుని, అప్పుడు వెళ్ళి సిలిండర్ కట్టేసిన మనిషి. "అల్లునికి దేని ఫికరూ లేదు" అన్నది బాపుకు పెళ్ళైననాటి నుంచీ ఉన్న ఫిర్యాదు.

బావ చాయ్ గ్లాసుతో వచ్చి, బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాడు. పాలు పితకలేదు. షెడ్డుకు వచ్చిన ఆటోల సంగతులు ఒకే గొంతుతో బర్రెకు చెప్పాడు. మరునాడూ అంతే. బర్రె తల వంచి మేయడం మొదలుపెట్టాక, పొదుగు మీద చెయ్యి వేశాడు. ఒక పొద్దున బకెట్‌లో సర్రుమని ధార పడింది.

తలుపు వెనక నుంచి బాపు, "వచ్చినయా?" అని కేక వేశాడు. ధార ఆగిపోయింది.

బావ వెనక్కి తిరగకుండానే, "మామా, జర బజార్ల తిరిగి రాండ్రి" అన్నాడు.

అప్పటి నుంచి పాల వేళకు బాపు గల్లీలో పచార్లు చేసేవాడు. కొన్నాళ్ళకు చప్పుడు చేయనని మాటిచ్చి బావ పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు. బర్రె కోసమేనని అందరికీ చెప్పాడు. కొట్టం నుంచి బయటికి వచ్చాక కాసేపు మమ్మల్ని కూడా "ఏమైంది?" అని అడగకుండా ఉండేవాడు. అది మాకు కొత్తగా, హాయిగా ఉండేది.

బర్రె రెండోసారి చూడితో ఉన్నన్నాళ్ళూ బావ దాని దగ్గర కూర్చున్నాడు. ఆడదూడ పుట్టింది. ఒక రోజు గాలికి కొట్టం మీది రేకు ఊడి దాని పక్కనే ధడాలున పడింది. మేమంతా అరిచాం. తల్లి ఒక అడుగు వెనక్కి వేసి ఆగింది. దూడ ఒక చెవి ఎత్తి, దించి, మళ్ళీ కళ్ళు మూసుకుంది.

బాపు వెంటనే డాక్టరమ్మకు ఫోన్ చేశాడు, దూడకు చెవుడని.

ఆమె వచ్చి దూడ వెనక చప్పట్లు కొట్టింది. అది నింపాదిగా తల తిప్పి చూసింది. "మంచిగనే ఇనవడ్తుంది బాపూ. దీనికి ఫికర్ లేదంతే."

బాపు వంగి దూడ చెవిలోకి చూశాడు.

"ఫికర్ లేకుంటే ఎట్ల బతుకుతది మేడం?" అన్నాడు.