బెంచి మీద బాగుండే కంప్యూటరు

పదిహేనేళ్ల కిందట, తమిళుల ఐప్పసి నెలలో వానలు మొదలైనప్పుడు, పుదుచ్చేరిలో నేను పనిచేసే కంప్యూటర్ల రిపేరు షాపులో నన్ను క్లీనింగ్ బెంచి నుంచి టెస్టింగ్ బెంచికి మార్చారు. మా దగ్గర వరస అది. వచ్చిన మిషన్ ముందు క్లీనింగ్‌కు, తర్వాత టెస్టింగ్‌కు, అక్కడా తేలకపోతే యజమాని దాము సార్ టేబుల్ మీదికి పోయేది. నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటాకే. తెరమీది ఇంగ్లీషులో నా పనికి కావలసిన ముక్కలు చదవగలిగేదాన్ని, మిగిలినవి సార్‌ను అడిగేదాన్ని.

ఆ నెలలోనే కురుచికుప్పం నుంచి జి. లక్ష్మి తన ఇంటి కంప్యూటరు తెచ్చింది. ఆమె ఇంట్లోనే కూర్చుని పెళ్లి వీడియోలు కత్తిరించి, అతికించి ఇచ్చేది. మిషన్ మధ్యమధ్య ఆగిపోతోంది, ఫైళ్లు తెరుచుకోవడం లేదు. హార్డ్ డిస్కులో అరియాంకుప్పం వాళ్ల పెళ్లి ఒకటి ఉంది. కెమెరా కార్డులు ఇంకో పెళ్లికి కావాలని అప్పటికే చెరిపేసింది.

"ఇంకో కాపీ యాడా లేదక్కా. పోయిందంటే వాళ్లని మళ్లీ తాళి కట్టమని అడిగేదానికి అవుతుందా?" అంది.

బెంచి మీద పెడితే మిషన్ చక్కగా నడిచింది. హార్డ్ డిస్కు పరీక్ష అంటే డిస్కునంతా చదివించి, చదవలేని చోటు ఏదైనా ఉందేమో చూడటం. ఒక్కటీ రాలేదు. కేబుల్ మార్చి పంపించాం. వారం తిరక్కముందే మళ్లీ వచ్చింది, ఇంకొన్ని ఫైళ్లు పోగొట్టుకుని. ఇంట్లో కరెంటు సరిగా లేదేమోనని దాము సార్ పవర్ సప్లై మార్చారు. మూడోసారి డిస్కే మార్చి, మిగిలిన ఫైళ్లను కొత్తదానికి ఎక్కించారు. కొత్త డిస్కులోనూ అదే జరిగింది.

నాకు బుర్ర పనిచెయ్యలేదు. మా దగ్గర బాగుండేది ఆమె ఇంట్లో ఎందుకు చెడుతుంది? ఉప్పుగాలి అనుకుందామంటే ఆ గాలి మా షాపుకూ వస్తుంది. ఇంట్లో ఎలుకలున్నాయా అని కూడా అడిగాను.

"ఎలక డిస్కు లోపలికి ఎట్టా పోతుందక్కా?" అంది లక్ష్మి. "పెళ్లికూతురి నాయన దినామూ వచ్చి మా తిన్నె మీద కూచుంటా ఉండాడు. కాఫీ ఇచ్చి పంపిస్తా ఉండా. ఇంక ఆ కాఫీ ఇచ్చేదానికి కూడా నాకు మొగం లేదు."

నాలుగోసారి మిషన్ బెంచి మీద ఉండగా ఆమెతోపాటు తమ్ముడు శేఖర్ వచ్చాడు. మిల్లులో షిఫ్టు పని అతనికి. వస్తూనే దాము సార్ మీద గొంతు పెంచాడు.

"ఏంది సార్, బాగుచేసేదానికి ఇస్తే ప్రతిసారీ మా స్పీడు ఊడబీకి పంపిస్తా ఉండారు?"

"ఏం స్పీడప్పా?"

"నేను పెట్టిన స్పీడు! మీ దగ్గరినుంచి వచ్చినాక ప్రతిసారీ మళ్లీ నేనే పెడతా ఉండా. అక్క పని సీక్రం అయ్యేదానికి."

"నువ్వెప్పుడు పెట్టినావురా?" అంది లక్ష్మి.

"నువ్వు వంటింట్లో ఉండేటప్పుడు. బిరబిరా పోతా ఉండాదని సంతోషపడినావు గదా!"

దాము సార్‌కు అప్పుడు విషయం తెలిసిపోయింది. ప్రాసెసరును దానికి నిర్ణయించిన వేగం కన్నా ఎక్కువ వేగంతో నడిపించడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. లక్ష్మి మిషన్‌లో ఉన్నటువంటి పాత మదర్‌బోర్డుల్లో ఆ వేగం పెంచితే, హార్డ్ డిస్కుకు సమాచారం చేరవేసే భాగం కూడా దానితో పాటు పరుగెత్తుతుంది. ఆ తొందరలో రాసిన సమాచారం తప్పుల తడకగా డిస్కులోకి చేరుతుంది. డిస్కు బాగానే ఉంటుంది, లోపలి ఫైళ్లు పాడవుతాయి.

మరి మా బెంచి మీద ఎందుకు బాగుండేదన్నది నాకు ఇంకాసేపు అర్థం కాలేదు. బోర్డు మీద బొత్తాం లాంటి చిన్న బ్యాటరీ ఉంటుంది. మనం పెట్టిన సెట్టింగులు నిలిచేది దానివల్లే. కడలి పక్క ఊరు కాబట్టి దాన్ని పట్టి ఉంచే రేకుకు తుప్పు పడుతుంది. అందుకని ఏ మిషన్ వచ్చినా క్లీనింగ్ బెంచి మీద ముందు బ్యాటరీ తీసి, రేకును రబ్బరుతో రుద్ది, తిరిగి పెట్టి, తేదీ సరిచేయడం మా షాపు పద్ధతి. బ్యాటరీ ఊడగానే శేఖర్ పెట్టిన వేగం పోయి మామూలు వేగం వచ్చేది. అంటే ఇన్నిసార్లూ మేము పరీక్షించింది జబ్బు లేని మిషన్‌ను.

వేగం మామూలుగానే ఉంచి, మిగిలినవన్నీ వేరే డిస్కుకు ఎక్కించాం. లక్ష్మి చెయ్యి పెట్టని ఫైళ్లు, అంటే ఊరేగింపు, భోజనాల పంతి, చాలావరకు దక్కాయి. డిస్కులో చోటు చాలక ఆమె అసలు ఫైలునే కత్తిరించి దాచేది. అలా దాచినవన్నీ పాడయ్యాయి. ఆమె పని మొదలుపెట్టింది తాళి కట్టే భాగంతో.

ఆ మాట చెప్పడానికి నన్నూ తోడు రమ్మంది. పెళ్లికూతురి నాయన అంతా విన్నారు. తర్వాత, "మా పాప నవ్వేది ఏమన్నా మిగిలి ఉండాదా?" అని అడిగారు. పంతిలో ఉందని చెప్పాను. "అదన్నా ఇయ్యండి" అన్నారు.

ఆ తర్వాత దాము సార్ వరస మార్చారు. మిషన్ వచ్చింది వచ్చినట్టుగా ముందు టెస్టింగ్ బెంచికి పోవాలి, క్లీనింగ్ ఆ తర్వాతే. మిషన్ తెచ్చినవాళ్లనే కాక, ఇంట్లో దాన్ని ముట్టుకునేవాళ్లందరినీ అడగడం నేను అలవాటు చేసుకున్నాను. రిటైరయ్యేదాకా అలాగే చేశాను. అర్థం కాని జబ్బులు ఆ తర్వాత కూడా వచ్చాయి. జాడ తుడిచేసి జబ్బు కోసం వెతకడం మాత్రం మానేశాం.