ఫోటో అనుకుని నిలబడ్డ అక్క

పొద్దున్నే జనగామలో ప్యాసింజర్ రైలు ఎక్కాను. మెడలో కొత్త డిజిటల్ కెమెరా. నాది ఊళ్లో చిన్న స్టూడియో. భూపాలపల్లిలో పెద్దక్క బిడ్డ నిశ్చితార్థం. మహబూబాబాద్‌లో సర్కారు టీచరుగా చేసే చిన్నక్కను వెంటబెట్టుకొని బస్సులో పోవాలి. అసలే తెలంగాణ ఉద్యమం రోజులు, ఏ బండి ఎక్కడ ఆగిపోతుందో ఎవరికీ తెలియదు.

ఎదుటి సీటు పెద్దాయన కూడా ఒకప్పుడు స్టూడియో నడిపినవాడే. కెమెరా తిప్పి చూసి, "వీడియో గూడ గిండ్లనే పెట్టిన్రా? ఇగ ఫోటో ఖరాబైతది" అన్నాడు. నాణ్యత వెంట్రుకంత కూడా తగ్గదని కాజీపేట దాకా వాదించాను. ఆయన ఒప్పుకోలేదు.

మహబూబాబాద్‌లో ఇడ్లీ తిని, అక్కతో నర్సంపేట బస్సెక్కాను. గూడూరు దగ్గర రాస్తారోకో. ఆడవాళ్లు నడిరోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుతున్నారు. అక్క ఊరుకుంటుందా? దిగి గరిటె పట్టుకొని ఫోటో తీయమంది. తీశాను. క్లిక్ వినపడలేదు, ఆ గోలలో పట్టించుకోలేదు. అక్క పక్కామెతో ముచ్చట్లో పడింది.

నర్సంపేటలో బస్సు మారాం. ములుగు దాటాక ఫోటో చూద్దామని మీట నొక్కితే కెమెరా మాట్లాడింది! రైల్లో జనం రాపిడికి ఫోటో, వీడియో మార్చే పైచక్రం వీడియో మీదికి జరిగినట్టుంది. తెర మీద అక్క ఫోటోకు నిలబడ్డట్టు కదలకుండా నిలబడింది. ఆ తర్వాత నేల, కాళ్లు. అక్క గొంతు మాత్రం స్పష్టం. సోమవారం రైలు పట్టాల మీద ఏయే టీచర్లు కూర్చుంటారో పేరు పేరునా చెబుతోంది. మొదటి పేరు తనదే.

అంతలో బస్సు ఆగింది. పోలీసులు ఎక్కి సంచులు చూస్తున్నారు. అక్క నా చెవి దగ్గరికి వంగింది.

"తీసెయ్ తమ్మీ. నౌకరి పోతది. నా ఒక్కదానిది గాదు."

తీసేసే మీట నొక్కాను. తొలగించాలా అని తెర అడిగింది. అవునని నొక్కానో లేదో, తెర నల్లబడింది. వీడియో బ్యాటరీనంతా తాగేసింది. తొలగిందో లేదో నాకు తెలియలేదు.

కానిస్టేబుల్ మీటలన్నీ నొక్కి చూశాడు. కెమెరా లేవలేదు. అందులోని మెమరీ కార్డు ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

"ఠాణాల చూస్తం. నీ దుకాణం యాడ?"

చెప్పక తప్పలేదు.

భూపాలపల్లిలో బ్యాటరీకి చార్జింగ్ పెట్టి, వేరే కార్డు కొన్నాను. నిశ్చితార్థం ఫోటోలు చక్కగా వచ్చాయి, నేను రైల్లో వాదించినట్టే. ప్రతి ఫోటోకు ముందు చక్రం చూసుకున్నాను. ఇలాంటి కెమెరాతో బయల్దేరేవాళ్లు మీరూ చూసుకోండి. ఎవరి ఫోన్ మోగినా ఠాణా నుంచేమోనని ఇద్దరం అటే చూశాం.

మరునాడు నన్ను రైలెక్కించడానికి అక్క మహబూబాబాద్ స్టేషన్ దాకా వచ్చింది. కిటికీ ఊచలు పట్టుకొని మెల్లగా అడిగింది.

"పోయింది గదా తమ్మీ? నువ్వు చూసినవ్ గదా?"

"పోయిందక్కా. చూసిన."

రైలు కదిలింది. పోలీసులు బస్సెక్కినప్పటి నుంచి మొదటిసారి అక్క నవ్వింది. పక్కనే నడుస్తూ, "గట్లైతె సోమవారం పట్టాల మీదికి ఇంకో నలుగుర్ని తీస్కపోత" అంది.

చెయ్యి ఊపాను.