ఐలేశాన్ని దొరా అన్న చిలుక

తిరుమలగిరి దాటి రెండు గుట్టలు ఎక్కి దిగితే వచ్చే పల్లెలో కురుమ ఐలేశం మీద ఎవరికీ కోపం ఉండేది కాదు. కోపం తెప్పించేంత మాట అతను ఎన్నడైనా అంటే కదా! గొర్రెలు కాసేవాడు, ఉన్ని వడికేవాడు, గొంగళ్ళు నేసేవాడు. దొర ఉండే గడీ ముందు నుంచి పోవాల్సి వస్తే చెప్పులు చేతిలో పట్టుకుని, తలగుడ్డ చంకలో పెట్టుకుని పోయేవాడు. ఆ రోజుల్లో అందరూ అట్లాగే పోయేవాళ్ళు, అందులో వింత లేదు. కాని "నీ బాంచన్ దొరా", అంటే నీ బానిసను దొరా, అనే మాటను అతనంత మెత్తగా, అంత తొందరగా అనగలిగిన మనిషి మాత్రం ఊళ్ళో మరొకడు లేడు. ఎదుటివాడు నోరు తెరవకముందే అనేసేవాడు.

ఇంట్లో భార్య గోపమ్మ, ఒక చిలుక. గాలివానకు తాటిమాను విరిగి పడినప్పుడు దాని తొర్రలో దొరికిన పిల్ల అది. రెక్కలైనా రాని ఆ పిల్లను గొంగడిలో చుట్టి తెచ్చి, జొన్నగటుక వేలితో పెట్టి బతికించాడు ఐలేశం. దానికి పంజరం లేదు. దూలానికి వేలాడదీసిన వెదురు కర్ర మీద కూర్చునేది. అతను ఇంట్లోకి వస్తే చాలు, భుజం మీదికి దూకి చెవిపోగు కొరికేది. ఎవరి దగ్గరికీ పోని చిలుక తన భుజమే ఎక్కుతుందని అతనికి గర్వం. ఆ మనిషికి లోకంలో ఉన్న గర్వమంతా అంతే.

చిలుకకు వచ్చింది ఒక్క మాట: "అన్నా, తిన్నవా?"

అది గోపమ్మ మాట. సంఘం వాళ్ళు దొరల మీద తిరగబడి గుట్టల్లో తలదాచుకుంటున్న కాలమది. వాళ్ళలో ఎవరైనా ఆకలితో గడపలోకి వస్తే, కొడుకు ఈడు వాడైనా సరే, గోపమ్మ ముందుగా అడిగేది అదే. వినీ వినీ చిలుక పట్టేసుకుంది.

"జర దాని నోరు మూయించే," అనేవాడు ఐలేశం, వాకిలి వైపు చూస్తూ.

"తిన్నవా అని అడుగుడు గూడ తప్పేనా?" అనేది గోపమ్మ.

తప్పే అయింది. ఒక పొద్దున ఒక పోలీసు జమేదారు, ఇద్దరు జవాన్లు, వాళ్ళకు దారి చూపిస్తూ పర్వతాలు అనే గడీ మనిషి వచ్చి వాకిట్లో నిలబడ్డారు. ఐలేశం ఉన్ని వడుకుతున్న కదురు పక్కన పెట్టి లేచేలోపే చిలుక లోపలి నుంచి మర్యాదగా పలకరించింది. "అన్నా, తిన్నవా?"

"ఎవడ్రా మీ అన్న?" అన్నాడు జమేదారు. "ఏ అన్నకు బువ్వ పెడుతున్నవ్?"

అతను నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు ఐలేశం కంటికి ఆనలేదు.

"నీ బాంచన్ దొరా! నాకేం ఎర్క లేదు. తప్పంతా గీ పిట్టది దొరా!" అంటూ లోపలికి ఉరికి చెయ్యి చాచాడు. ఎప్పటిలాగే చిలుక దూకి ఆ చేతి మీద వాలింది. అతను పిడికిలి బిగించాడు. వాకిట్లోకి తెచ్చి, అందరూ చూస్తుండగా, కదురుకు ఉన్న ఉన్నిదారంతో దాని ముక్కు చుట్టూ చుట్టలు చుట్టి ముడివేశాడు. గింజుకోవడంలో తోక ఈకలు ఊడి అరచేతికి అంటుకున్నాయి. "సూడున్రి దొరా, ఇగ ఒర్రది," అని జమేదారు మొహం చూసి ఇకిలించాడు. చేసినదానికంటే ఆ ఇకిలింపే ఆ తర్వాత అతన్ని ఎక్కువ కాల్చింది.

జమేదారుకు చిలుకతో పనేమీ లేదు. వాళ్ళు వచ్చింది పొట్టేలు కోసం. బలిసిన దాన్ని ఒకటి ఏరుకుని తోలుకుపోయారు. చిలుక నోరు మూసుకుని ఉన్నా తోలుకుపోయేవాళ్ళే.

గోపమ్మ కూర్చుని ఆ దారం ఒక్కో చుట్టే విప్పింది. తిట్టలేదు. "నీ చెయ్యి గదా అని వచ్చింది," అన్నది, అంతే.

ఆనాటి నుంచి చిలుక అతన్ని చూస్తే వెదురు కర్ర చివరికి జరిగి, గోడకు ఒదిగి, ఉన్నదానిలో సగమై కూర్చునేది. పలుకు లేదు. చాలా రోజులకు ఒక సాయంత్రం ఐలేశం జామపండు చేతబట్టుకుని దగ్గరికి పోతే నోరు తెరిచింది.

"నీ బాంచన్ దొరా!"

గొంతు ఐలేశానిది. ఆ వణుకు అతనిది. చివర ఆ ఇకిలింపు కూడా అతనిదే. పక్కింటి సైదమ్మ గోడ మీది నుంచి తొంగిచూసి పగలబడి నవ్వింది. "ఓ ఐలేశం, నువ్వు దొరవైనవే! నీకు గూడ బాంచలొచ్చిన్రు!" వాడకట్టంతా పాకింది ఆ మాట. ఐలేశం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, గొర్రెల దొడ్డిలోకి పోయి ఊరికే నిలబడ్డాడు. ఇన్నేళ్ళుగా తాను ఎట్లా వినిపిస్తున్నాడో అతను వినడం అదే మొదలు.

సిగ్గుపడ్డవాడు ఊరుకుంటాడా? తొందరపడ్డాడు. పల్లికాయలు పెట్టాడు, పచ్చిమిరపకాయ ఆశ చూపాడు. ఒకనాడు ఎట్లాగైనా మచ్చిక చేసుకోవాలని పట్టుకుని నిమరబోయాడు. అది బొటనవేలు చీల్చి, "బాంచన్, బాంచన్" అంటూ దూలం మీదికి ఎగబాకింది.

"గడీల దొర నిన్ను పట్టుకొని, పండు చేతిల పెట్టి, నెత్తి నిమిరితె నువ్వు నమ్ముతవా?" అన్నది గోపమ్మ.

ఐలేశం ఆలోచనలో పడ్డాడు. దొరను చూస్తే తనకు దేనికి భయం? పైన నిలబడతాడు. చేతిలో కర్ర ఉంటుంది. కళ్ళలోకి చూస్తాడు. సరే, ఆ మూడూ మానుకుందామనుకున్నాడు. గొర్రెల కర్ర, గొంగడి వాకిట్లోనే విడిచిపెట్టి లోపలికి వచ్చేవాడు. చిలుకకు వీపు పెట్టి నేల మీద కూర్చునేవాడు. మిరపకాయ ఒకటి పక్కన పెట్టి, చూడకుండా లేచిపోయేవాడు. అయినా చిలుక వణకడం మానలేదు. కారణం గోపమ్మే కనిపెట్టింది. కదురు తిరిగినప్పుడల్లా అది రెక్కల్లో ముక్కు దాచుకుంటున్నది.

ఉన్నిదారం! కురుమవాడు ఇంట్లో ఉన్ని ముట్టకుండా ఎట్లా బతుకుతాడు? ఐలేశం కదురు పట్టుకుని చూరు కిందికి మారాడు. శ్రావణం ముసురులో సగం తడుస్తూ అక్కడే వడికాడు. "దొరగారిని పిట్ట ఎల్లగొట్టింది," అని వాడకట్టు నవ్వుకుంది. అతను వడుకుతూనే ఉన్నాడు. నవ్వాల్సిందే అనుకున్నాడు. మెల్లమెల్లగా చిలుక నేలకు దిగి మిరపకాయ తినడం మొదలుపెట్టింది, అతను వీపు తిప్పి ఉన్నంతసేపే.

భాద్రపదంలో యూనియన్ సైన్యం వచ్చింది, నిజాం రాజ్యం పోయింది. ఆ గొడవల్లో పట్నం పారిపోయిన దొర కొన్నాళ్ళకే కాంగ్రెసు తెల్లటోపీ పెట్టుకుని తిరిగొచ్చాడు. సంఘం వాళ్ళ కోసం ఇప్పుడు కొత్త సిపాయిలు వెతుకుతున్నారు. ఐలేశం వాకిట్లోకి వాళ్ళకు దారి చూపిస్తూ వచ్చింది ఎవరనుకున్నారు? పర్వతాలే! అతని నెత్తినా ఒక తెల్లటోపీ వెలిసింది.

"సంగపోళ్ళకు బువ్వ పెట్టిన ఇల్లు ఇదే," అన్నాడు పర్వతాలు. "సాక్ష్యం చిలుకనే. పట్కరా ఐలేశం దాన్ని, అన్నా తిన్నవా అనిపియ్యి."

లోపల చిలుక బూట్ల చప్పుడుకు గోడకు కరుచుకుపోయింది. ఐలేశం గడపకు అడ్డంగా నిలబడ్డాడు. అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగాడు.

"తేను," అన్నాడు. "నా చేతిని సూస్తె బెదురుతది అది. నా ఇంటికి ఎవ్వలొచ్చినా తిన్నవా అనే అడుగుతం. నువ్వు తిన్నవా పర్వతాలూ?"

తుపాకి మడమ భుజం మీద పడింది, ఒకప్పుడు చిలుక వాలిన భుజం మీదే. కింద పడ్డాడు గాని బాంచన్ అనలేదు. సిపాయిలు ఇల్లంతా చిందరవందర చేసి, ఏమీ దొరక్క వెళ్ళిపోయారు. దెబ్బ నొప్పి కంటే మరొకటి అతన్ని సలిపింది. అంత చిన్న జవాబు! ఆనాడు జమేదారుకు ఇదే చెప్పి ఉంటే పోయేది కదా.

లేవలేక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒళ్ళో చెయ్యి తెరిచి ఉంది. గోపమ్మ ఆ చేతిలో ఒక మిరపకాయ పెట్టి పసుపు నూరడానికి పోయింది. కాసేపటికి దూలం మీద గోళ్ళ చప్పుడైంది. చిలుక నేలకు దిగి, ఆగి ఆగి నడుస్తూ వచ్చింది. అతను వీపు తిప్పలేదు, తిప్పే ఓపిక లేదు. అది అతని మోకాలి దగ్గర ఆగి, మెడ వంచి, అతని గొంతుతోనే మెల్లగా అన్నది. "నీ బాంచన్ దొరా."

ఐలేశానికి కళ్ళు నిండాయి.

"నేను దొరను గాదు బిడ్డా," అన్నాడు. "నేనే నీ బాంచన్."

చిలుక కాసేపు అతని మొహం చూసింది. తర్వాత అరచేతిలోని మిరపకాయ అందుకుని, అక్కడే నిలబడి తినసాగింది.