పెసరట్టులో మందు

ఆ రోజు నేను చేసిన తప్పును ముందే ఒప్పుకుంటాను. పెసరట్టు రుచిగా పోసిన నేరానికి ఒక ఆడమనిషిని బాన్సువాడ నడిబజారులో నిలబెట్టి, మందు పెట్టిందని అరిచాను. దాంతో ఒక హోటలు మూతపడబోయింది, ఒక కాపురం కూలబోయింది. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. మీసం వచ్చింది గాని, బుద్ధి ఇంకా దారిలోనే ఉంది.

నిజాంసాగర్ కాలువలు పారడం మొదలయ్యాక కోస్తా నుంచి కొన్ని రైతు కుటుంబాలు మా వైపు వచ్చి స్థిరపడ్డాయి. అలా తమ్ముడి వెంట వచ్చిన వితంతువు వెంకమ్మ గారు. మరదలి మాటలు పడలేక బజారులో తడికెల పాక వేసుకొని హోటలు పెట్టింది. రెండు బెంచీలు, ఒక పెనం. ఆ పెనం చల్లారితే మళ్ళీ ఆ మరదలి వాకిలే గతి.

మా పొలానికి పోయే దారి ఆ పాక ముందు నుంచే. ఒకనాడు ఎట్లుంటుందో చూద్దామని ఒక పెసరట్టు తిన్నాను. మర్నాడు మూడు. వారం తిరిగేసరికి ఏడు. అప్పటిదాకా జొన్నరవ్వతో వండే గట్క తప్ప మరో లోకం ఎరగని నా నాలుక, అల్లం పచ్చడి తగలగానే జాతరలో తప్పిపోయిన దూడలా ఇంటి దారి మరిచిపోయింది. చివరికి నేను పగ్గం లాగకపోయినా ఎద్దులు ఆ పాక ముందు వాటంతటవే ఆగడం మొదలుపెట్టాయి.

"ఏంరా లింబా, గట్క ముడ్తలేవు? పానం మంచిగ లేదా?" అని అడిగింది మా అవ్వ. మేము అమ్మను అవ్వ అనే పిలిచేవాళ్ళం.

పక్కనే మా అక్క మొగుడు గంగారాం బావ కూర్చొని ఉన్నాడు. ఆయనకు తెలియని సంగతి లోకంలో లేదు. సరిగ్గా తెలిసిన సంగతి కూడా లేదు.

"ఎద్దులు గూడ ఆగుతున్నయంటే ఇగ అనుమానమేంది బామ్మర్ది? నీకు మందు వెట్టింది!"

మందు పెట్టడమంటే తిండిలో ఏదో కలిపి మనిషిని తమ చుట్టూ తిప్పుకోవడం. ఆ రోజుల్లో మా వైపు కొడుకు వేరుపడ్డా మందే, మొగుడు పెళ్ళాం మాట విన్నా మందే.

అనుమానం పెనుభూతమంటారు. నాది నేరుగా పోయి వెంకమ్మ గారి పెనం మీదే కూర్చుంది. మర్నాడు కళ్ళు చిట్లించి చూశాను. ఆమె ఉల్లిగడ్డను సగానికి కోసి, పెనం మీద గుండ్రంగా మూడు చుట్లు తిప్పింది. పెదవులు కదులుతున్నాయి!

"ఏం సదువుతున్నవమ్మా?"

"అట్టు చిరక్కుండా రావాలని దేవుణ్ణి అడుగుతున్నాను బాబూ."

"ఏ దేవున్ని?"

"అట్టుకి ఏ దేవుడైతే ఏవండీ?"

పేరు చెప్పలేదు! అయినా ఏడూ తిన్నాను. అయ్యా, జన్మలో ఒక్కసారి మా అవ్వ వంటింట్లోకి తొంగి చూసి ఉంటే, అక్కడా ఉల్లిగడ్డ అవే చుట్లు తిరుగుతుందని నాకు తెలిసేది.

బావ డోంగ్లి వైపు నుంచి మందు కక్కించే భూమన్నను పట్టుకొచ్చాడు. అతను ఏదో ఆకు పసరు తాగించాడు. నా పేగులు బయటికొచ్చి నన్ను పలకరించి మళ్ళీ లోపలికి పోయాయి. భూమన్న నేను కక్కినదాని మీద పోసిన బూడిదలో వేళ్ళు పెట్టి, వెంట్రుకలు చుట్టిన నల్లటి ఉండ ఒకటి పైకి తీశాడు.

"గిది సూడు! ఇంకో నెలైతే నువ్వు ఆమె ఇంట్ల ఎద్దువైతుంటివి."

తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాడైనా నాకంటే నయం. నేను ఆ ఉండను మోదుగాకులో పెట్టుకొని, బావను, భూమన్నను వెంటబెట్టుకొని హోటలు మీదికే పోయాను.

"గిదేంది? నా కడుపుల ఏం వెట్టినవ్?"

వెంకమ్మ గారి చేతిలోని గరిటె ఆగిపోయింది. "పెసలు, అల్లం, పచ్చిమిరపకాయలు. అంతకన్నా ఏం పెడతాను బాబూ?"

తింటున్నవాళ్ళు విస్తళ్ళు వదిలి లేచారు. జనం మూగారు. అంత జనాన్ని చూసేసరికి బావకు ఉత్సాహం ఆగలేదు.

"భూమన్నా, నాకు గూడ కక్కియ్యి. అందరు సూడని!"

పసరు తాగాడు, కక్కాడు. బూడిదలోంచి ఉండ వచ్చింది. అదే రంగు, అవే వెంట్రుకలు. బావ మొహం చింతపండులా నల్లబడింది.

"నేను గీ హోటల్ల అడుగు వెట్టలే! ఒక్కనాడు తిన్లే!"

"అయితే ఇంట్లనే వెట్టిన్రు," అన్నాడు భూమన్న తడుముకోకుండా.

బావ ఇంట్లో వండేది మా అక్క లచ్చవ్వ. గోల విని అప్పుడే పరుగున వచ్చింది. బావ ఆమె వైపు అనుమానంగా చూస్తూ రెండడుగులు వెనక్కి వేశాడు.

"నువ్వు నాకు మందు వెట్టినవానే?"

అక్క నడుం మీద చెయ్యి వేసుకుంది. "పెండ్లయి పన్నెండేండ్లాయె. ఒక్కనాడన్న నా మాట విన్నవా? నేను మందు వెట్టేదాన్నయితే నువ్వు గిట్లుంటవా?"

బజారంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వుల్లోనే అక్క భూమన్న రొండిన ఉన్న సంచి లాగి దులిపింది. ఇంకో మూడు ఉండలు రాలాయి.

"గివి ఎవలి కడుపులకురా?"

భూమన్న చెప్పులు అక్కడే వదిలేసి డోంగ్లి దారి పట్టాడు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. కాని నవ్వినవాళ్ళంతా ఇళ్ళకు పోయి గట్కే తిన్నారు. ఏమో, ఎవరికి తెలుసు, నిప్పు లేనిదే పొగ వస్తుందా అనుకున్నారు. నాలుగు రోజులు బెంచీలు ఖాళీ. రుబ్బిన పిండి పులిసిపోయింది. ఐదో రోజు వెంకమ్మ గారు గిన్నెలు మూటగడుతుంటే పోయి చేతులు జోడించాను.

"తప్పయిందమ్మా. రోజూ బజార్ల అందరి ముంగట కూసొని తింట."

"మీరు తింటే ఏం లాభం బాబూ? మీకు మందు ముందే ఎక్కిందంటారు. ఎన్నడూ తినని మనిషిని తెచ్చి కూర్చోబెట్టండి."

ఎన్నడూ తినని మనిషి, ఎవరి వంటనూ మెచ్చని మనిషి మా ఇంట్లోనే ఉంది. వారపు అంగడి రోజున కాళ్ళావేళ్ళా పడి అవ్వను తీసుకొచ్చాను. ఆడవాళ్ళు హోటల్లో కూర్చోవడం అప్పటిదాకా ఎవరూ ఎరగరు. అంగడికి వచ్చినవాళ్ళు బేరాలాపి నిలబడ్డారు. అవ్వ ముక్క తుంచింది, పచ్చడి అద్దింది, నమిలింది. మొహంలో ఏ భావమూ లేదు.

"లింబా," అంది అవ్వ చివరికి, అందరికీ వినబడేలా, "నువ్వన్నది నిజమేరా. మందే వెట్టింది."

నేను విస్తరి లాగెయ్యబోతే అవ్వ నా చెయ్యి తోసేసింది.

"ఇంకోటి ఎయ్యమను."

సూర్యుడు నడినెత్తికి రాకముందే పిండి అయిపోయింది. ఆ మర్నాటి నుంచి వానలు పడేదాకా రోజూ పొలానికి పోయేముందు వెంకమ్మ గారి పొయ్యికి కట్టెలు కొట్టి పెట్టాను, బావ చేత నీళ్ళు మోయించాను. చెంపలు వేసుకొని ఆమె ముందే ఒట్టు కూడా పెట్టుకున్నాను: బతికినంతకాలం వండిన చేతిని అనుమానించను, అనుమానించాల్సి వస్తే ముందు నా పొట్టనే పంచాయితీకి పిలుస్తాను.